నూనె పోసే ముందు చైను కడగండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్న విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుణ్ణి. మా నాన్నగారు ఈ ఊళ్లోనే అద్దె సైకిళ్ల దుకాణం నడిపేవారు. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి ఇంట్లో సైకిల్ లేని రోజు లేదు. సరిహద్దు జిల్లాల రోడ్ల గురించి, బస్సుల గురించి, గుణుపురం రైలు గురించి మీ పత్రికకు పాఠకులు లేఖలు రాస్తూనే ఉంటారు. నేను మాత్రం సైకిల్ చైను గురించి రాస్తున్నాను. ఇంత చిన్న సంగతికి పత్రికలో చోటెందుకని కొందరికి అనిపించవచ్చు. అయితే గోసాని, కాశీనగరం, గుమ్మ వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి బడికి దారి చూపేది ఆ సైకిలే. చైను తెగినా, పళ్ల మీద జారినా ఆ రోజుకు బడి తప్పినట్టే. అందుకే కాస్త విపులంగా రాసే సాహసం చేస్తున్నాను.

కిందటి వర్షాకాలంలో మా పక్కింటి అమ్మాయి, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల, తడిసి ముద్దై సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. రెండు మోచేతుల దాకా నల్లటి జిడ్డు, మోకాలి మీద గీసుకుపోయిన గాయం. "మాస్టారూ, ఎక్కిన ప్రతిసారీ పెడలు ఒక్కసారిగా కిందికి పోతోందండీ, చైను ఊడిపోతోందండీ" అంది. సైకిల్ కొని అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. స్టాండు వేసి పెడలు తిప్పి చూస్తే, చైను పళ్ల చక్రం మీద కుదురుగా కూర్చోకుండా పైకి ఎగదన్నుతోంది. ముందు పళ్ల చక్రం మీద పళ్లు కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగి ఉన్నాయి. చైను మీద వేలు పెట్టి రుద్దితే నల్లటి ముద్ద అంటుకుంది. ఆ ముద్దను తెల్ల కాగితం మీద పరచి ఎండకు పట్టి చూశాను. అందులో ఇసుక రేణువులు తళతళ మెరిశాయి, వాటి మధ్య సన్నటి ఇనుప పొడి కూడా ఉంది.

ఆ పిల్ల తండ్రి సైకిల్‌ను ఒక దుకాణానికి తీసుకెళ్తే చైను, ముందు పళ్ల చక్రం, ఫ్రీవీల్ అనే వెనక పళ్ల చక్రం మూడూ మార్చాలని చెప్పారట. చెప్పింది నిజమే, అప్పటికి వేరే దారి లేదు. నా బాధ వేరు. అంతకు ముందు ఆరు నెలల్లో అదే దుకాణానికి ఆ సైకిల్ మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ చైను కడగకుండానే పైనుంచి నూనె పోసి పంపించారు. ఒక్కసారైనా కడిగి ఉంటే ఆ రోజుకూలీ తండ్రికి ఇంత ఖర్చు తగిలేది కాదు. దుకాణదారును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చేసింది మన ఊళ్లలో అందరూ చేసేదే. చైను కిచకిచలాడితే నూనె పోయాలన్నది మనకు అలవాటైపోయింది, పోసే ముందు కడగాలన్న మాట మాత్రం మరిచిపోయాము.

చైను ఎలా అరుగుతుందో తెలిస్తే కడగవలసిన అవసరం దానంతటదే అర్థమవుతుంది. ఈ రోజు మనం వాడే చైనును 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తన రోవర్ సైకిల్‌కు చైనుతో వెనక చక్రాన్ని తిప్పించాడు. ఆ నాటి నుంచి సూత్రం మారలేదు. రెండు రేకుల మధ్య ఒక పిన్ను, దాని చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం, దాని మీద దొర్లే రోలర్: ఇవన్నీ కలిస్తే ఒక కీలు. చైను అంటే అలాంటి కీళ్లు నూటికి పైగా వరుసగా పేర్చిన గొలుసు. నా సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు. రోజుకు 8 కిలోమీటర్లు తొక్కితే ఒక్కో కీలు వెయ్యి సార్లకు పైగా ముడుచుకుని విచ్చుకుంటుందని లెక్క కట్టాను. ముడుచుకున్న ప్రతిసారీ పిన్నుకూ బుష్‌కూ మధ్య రాపిడి. అక్కడ పలుచటి నూనె పొర ఉంటే రెండు లోహాలు నేరుగా తగలవు. ఆ పొరలో ఇసుక చేరితే అదే నూనె ఇసుకను పట్టి ఉంచి, ప్రతి మలుపులోనూ పిన్నును గీకిస్తుంది.

చైను సాగిందని మనం అంటాము గాని, ఇనుము సాగదు. కీళ్లు అరిగి వదులవుతాయి, ఆ వదులంతా కలిసి పొడవుగా కనిపిస్తుంది. ఒక్కో కీలులో అరుగుదల వెంట్రుక మందమంత ఉంటే చాలు, అడుగు పొడవు చైను అంగుళంలో పదహారో వంతు పెరుగుతుంది. అప్పుడు రోలర్ల మధ్య దూరం పళ్ల మధ్య దూరానికి సరిపోదు. చైను పళ్ల కుదురులో కూర్చోకుండా పైకి జరిగి, భారమంతా ఒకటి రెండు పళ్ల మీద వేసి వాటిని వంచేస్తుంది. మా పక్కింటి పిల్ల సైకిల్‌కు జరిగింది ఇదే.

మన ప్రాంతంలో ఇది త్వరగా జరగడానికి నేల కూడా కారణమే. తూర్పు కనుమల్లో ఉన్న రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు. కోందు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. ఆ రాతిలో పలుగురాయి, ఎర్రటి గార్నెట్ రేణువులు ఉంటాయి. వడ్రంగి వాడే గరుకు కాగితాల్లో కొన్నిటికి గార్నెట్ పొడినే అంటిస్తారు. రాయి చివికి మన ఎర్రమట్టిగా మారినా ఆ రేణువులు మెత్తబడవు, వర్షంలో కొట్టుకొచ్చి రోడ్డు మీద చేరతాయి. చక్రాలు తొక్కిన బురద చైను మీదికి చిమ్ముతుంది. అంటే నూనె ఉన్న చైను మీద మనమే గరుకు పొడి చల్లి తొక్కుతున్నామన్నమాట.

ఇక నూనె సంగతి. మోటారు సైకిల్ మెకానిక్ దగ్గర ఉచితంగా దొరికే వాడేసిన ఇంజిన్ ఆయిల్ మన జిల్లాలో చైనుకు అందరూ పోసే మందు. నేనూ ఒకప్పుడు పోశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక దుకాణంలో నా సైకిల్‌కు ధారాళంగా ఆ నల్ల నూనె పోశారు. చైను నిశ్శబ్దంగా తిరుగుతోందని నేనెంతో సంతోషించాను. ఆ వర్షాకాలం దాటకముందే చైను జారడం మొదలుపెట్టింది. ఇంజిన్‌లో తిరిగి బయటికి వచ్చిన ఆ నూనెలో మసి, ఇనుప రజను, కాలిన ఇంధనం అవశేషాలు ఉంటాయి. ఇంజిన్ అరుగుదలంతా ఆ నూనెలోనే చేరుతుంది. దాన్ని తీసుకొచ్చి చైనుకు పోయడమంటే ఒక యంత్రం అరుగుదలను ఇంకో యంత్రానికి అంటించడమే. చర్మానికి కూడా అది మంచిది కాదు. పిల్లల చేతులకు దాన్ని తగలనివ్వకూడదని పెద్దలను వేడుకుంటున్నాను.

వంటింటి నూనెలు పోసేవారు కూడా ఉన్నారు. ఇక్కడ ఆవనూనె అందరి ఇళ్లలో ఉంటుంది కనుక అది ముందు గుర్తుకొస్తుంది. ఆవనూనె, వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె గాలి తగిలి కొన్ని వారాల్లో బంకగా మారతాయి. ఆ బంక ఆరితే కీళ్లు బిగుసుకుపోతాయి. కొబ్బరి నూనె అంతగా బంక కట్టదు గాని చలికాలం ఉదయం గడ్డకడుతుంది. మా తాతగారి కాలంలో ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారట. ఇరుసు పెద్దది, దానిలోని వదులు ఎక్కువ, దానికది సరిపోయింది. వెంట్రుక మందం కూడా లేని సందులోకి వెళ్లవలసిన నూనెకు ఆ పద్ధతి పనికిరాదు. గ్రీజు కూడా అంతే. చక్రం ఇరుసులో గోళీలకు గ్రీజు కావాలి. చైను మీద పూసిన గ్రీజు లోపలికి దిగదు, పైన ఉండి దారిలోని దుమ్మునంతా పోగుచేస్తుంది.

కుట్టుమిషను నూనె మంచిది, పలుచగా ఉండి సందుల్లోకి దిగుతుంది. అయితే వర్షంలో త్వరగా కొట్టుకుపోతుంది. వర్షాకాలంలో కొత్త ఇంజిన్ ఆయిల్‌ను చిన్న సీసాలో పోసుకుని ఒక్కో చుక్కే వాడితే ఒక పావు లీటరు ఏళ్లు వస్తుంది. సైకిల్ దుకాణాల్లో చైను కోసమే అమ్మే నూనెలు కూడా దొరుకుతాయి, కొనగలవారు కొనవచ్చు. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిపిన పరీక్షల్లో, అనుకూల పరిస్థితుల్లో చైను పెడలు శక్తిలో 98.6 శాతం వరకు చక్రానికి అందించగలదని తేలింది. అక్కడ నూనె రకం మార్చినా అంత తేడా కనిపించలేదు. కాని అది దుమ్ము లేని ప్రయోగశాల, మనది ఎర్రమట్టి రోడ్డు. నూనె ఏ కంపెనీదన్న చర్చ కంటే దాన్ని ఏ చైనుకు పోస్తున్నామన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

కడగడం ఎలాగో మా నాన్నగారి దగ్గర చూసింది చూసినట్టు చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం బేరం తగ్గాక అద్దె సైకిళ్ల చైన్లు వంతుల వారీగా విప్పి, అడుగున చిల్లులు పెట్టిన చిన్న రేకు డబ్బాలో వేసి, ఆ డబ్బాను కిరోసిన్ ఉన్న పెద్ద డబ్బాలో దించేవారు. పైకి ఎత్తి దించుతూ నాలుగైదు సార్లు కుదిపితే కీళ్లలోని మడ్డి చిల్లుల గుండా అడుగుకు దిగేది. తర్వాత చైనును రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర పెట్టి అటూ ఇటూ ఊపేవారు. లోపల ఇసుక ఉంటే గరగర వినిపిస్తుంది. ఆ శబ్దం పోయే దాకా మళ్లీ కిరోసిన్‌లోకే. ఎంత కడిగారని అడిగితే ఆయన "చెవిని అడుగు" అనేవారు. నా ముప్పై ఏళ్ల పాఠాల్లో ఇంతకంటే మంచి పరీక్ష చెప్పలేకపోయాను.

చైను విప్పాలంటే లాకు తీయాలి. మామూలు సైకిల్ చైనులో ఒక లింకుకు మాత్రం చేప ఆకారంలో చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. దాన్ని కటింగ్ ప్లేయరుతో మెల్లగా పక్కకు నెట్టితే వస్తుంది. ఎగిరిపడితే దొరకదు, కింద ఒక పళ్లెం పెట్టుకోవాలి. తిరిగి వేసేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న కొస చైను కదిలే దిక్కుకు ఉండాలి. అటుదిటైతే దారిలో రాయో, పుల్లో తగిలి క్లిప్పు విడిపోతుంది. ఇది తెలియక నడిరోడ్డు మీద చైను జారవిడుచుకున్నవారిని నేను చాలామందిని చూశాను. విప్పడం రాని పిల్లలు విప్పనక్కరలేదు. పాత పళ్ల బ్రష్షును కిరోసిన్‌లో ముంచి, చైను కింది వరసను నాలుగు వైపులా రుద్దుతూ పెడలును వెనక్కి తిప్పుతూ పోతే సరిపోతుంది. అడుగున పాత కాగితాలు పరచాలి, కిరోసిన్ టైరు మీద, బ్రేకు కట్టెల మీద పడకుండా చూడాలి. పళ్ల చక్రం పళ్ల మధ్య, ఫ్రీవీల్ వెనక పేరుకున్న జిడ్డు తీయడానికి సన్నటి పుల్ల, గుడ్డ పేలిక చాలు. ఆ జిడ్డు వదిలేస్తే కడిగిన చైను ఒక్క పూటలో మళ్లీ నల్లబడుతుంది.

కిరోసిన్ ఇప్పుడు మునుపటిలా దొరకడం లేదు. డీజిలు కొద్దిగా వాడినా పని జరుగుతుంది. పెట్రోలు మాత్రం ఎవరూ వాడవద్దు. దాని ఆవిరికి దూరాన ఉన్న నిప్పురవ్వ కూడా చాలు. ఏదీ లేకపోతే గిన్నెలు తోమే సబ్బు కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో జాడించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి ఆ పూటే నూనె వేయాలి. మరునాటికి వదిలేస్తే తుప్పు పడుతుంది. బండ్లు కడిగే దుకాణంలో పైపు ధారతో కడిగించడం మంచిది కాదు, ఆ ఒత్తిడికి నీళ్లు ఇరుసుల్లోకి దూరి గోళీలను తినేస్తాయి. వాడిన కిరోసిన్‌ను మురుగులో పారబోయకుండా ఒక సీసాలో పోసి మూత పెడితే వారం రోజుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేరినదాన్ని మళ్లీ వాడుకోవచ్చు. పని పొయ్యికి దూరంగా, పెద్దల కంటి ముందు జరగాలి.

కడిగాక తొందరపడకూడదు. గుడ్డతో తుడిచి, ఎండలో ఒక గంట ఉంచాలి. కీళ్లలో కిరోసిన్ మిగిలితే కొత్త నూనె పలుచబడి జారిపోతుంది. అప్పుడు ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేయాలి. నూటికి పైగా చుక్కలంటే పిల్లలు విసుక్కుంటారు గాని, క్లిప్పున్న లింకు నుంచి మొదలుపెట్టి మళ్లీ అది వచ్చేవరకు వేస్తే అయిదు నిమిషాల పని. కింది వరసలో చైను లోపలి వైపున చుక్క వేస్తే, తిరిగేటప్పుడు అది బయటికి పాకుతూ కీలంతా తడుపుతుంది. తర్వాత పెడలును వెనక్కి ఇరవై ముప్పై సార్లు తిప్పి, ఒక రాత్రి వదిలి, ఉదయం పొడి గుడ్డతో పైనున్న నూనెంతా తుడిచేయాలి. చాలామంది ఇక్కడే వెనకాడతారు; పోసిన నూనె ఎందుకు తుడవాలి అంటారు. నూనె పనిచేసేది లోపల. బయటి రేకుల మీద మెరిసే నూనె దుమ్ముకు బంక తప్ప మరేమీ కాదు. వేలితో తాకితే చైను దాదాపు పొడిగా తగలాలి, తిప్పితే చప్పుడు ఉండకూడదు.

కొత్త చైనుకు ఈ పని అక్కరలేదు. కర్మాగారంలోనే పూసిన కందెన లోపలి వరకు దిగి ఉంటుంది, పైపైన తుడిస్తే చాలు. పొడి రోజుల్లో నెలకు ఒకసారి కడిగితే సరిపోతుందని నా అనుభవం. వర్షంలో తడిసిన రోజు మాత్రం ఇంటికి రాగానే గుడ్డతో తుడిచి నాలుగు చుక్కలు వేయాలి.

అరిగిందో లేదో కొలవడానికి ఖరీదైన పనిముట్లు అక్కరలేదు. చైనులో ఒక పిన్ను నుంచి తర్వాతి పిన్నుకు సరిగ్గా అర అంగుళం. వడ్రంగి వాడే ఇనుప టేపు గాని, అంగుళాల గుర్తులున్న ఇనుప స్కేలు గాని తీసుకుని, చైనును బిగువుగా ఉంచి ఒక పిన్ను మధ్యలో సున్న పెట్టండి. దాని తర్వాత 24వ పిన్ను మధ్యభాగం 12 అంగుళాల గుర్తు మీద ఉండాలి. పదహారో వంతు, అంటే మన పెద్దల లెక్కలో వీసం అంగుళం, దాటి ఉంటే చైను ఒక్కటి మారిస్తే చాలు, పళ్లు ఇంకా బాగానే ఉంటాయి. రెండు వీసాలు దాటిందంటే పళ్లు కూడా పోయినట్టే. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ జారుతుంది. ఆ వీసం దగ్గర మేలుకున్నవారికి చైను ఖర్చే, మేలుకోనివారికి మూడింటి ఖర్చు. దర్జీల గుడ్డ టేపుతో మాత్రం కొలవవద్దు, అది సాగుతుంది.

వదులు గురించి కూడా ఒక మాట. ముందు పళ్ల చక్రానికీ వెనక ఫ్రీవీల్‌కూ సరిగ్గా మధ్యలో చైనును వేలితో పైకీ కిందికీ కదిపితే అర అంగుళం ఆడాలి. పళ్ల చక్రాలు పూర్తి గుండ్రంగా ఉండవు కనుక పెడలును నాలుగు చోట్ల ఆపి చూడాలి. ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడి వదులే లెక్క. ఎక్కువ వదులైతే చైను ఊడుతుంది, మరీ బిగిస్తే ఇరుసుల గోళీలు నలుగుతాయి. వెనక చక్రం నట్లు రెండూ పానాతో వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, టైరు దానికి రెండు పక్కలా ఉన్న ఫ్రేము గొట్టాలకు సమదూరంలో ఉందని చూసి బిగించాలి. చైనును తిప్పుతూ గుడ్డ పట్టేటప్పుడు పెడలు వెనక్కి మాత్రమే తిప్పాలి. గుడ్డ పళ్ల దాకా పోతే దానితోపాటు వేళ్లూ పోతాయి. పక్కన ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు చైను పట్టుకునే పద్ధతి పిల్లల్లో ఉంది, దాన్ని వెంటనే మాన్పించాలి.

చైను కవరు గురించి కూడా చెప్పాలి. కొత్త సైకిళ్లకు వచ్చే రేకు కవరు చైనుకు తగిలి చప్పుడు చేస్తోందని మొదటి నెలలోనే విప్పి పారేయడం మన దగ్గర మామూలైంది. ఆ రేకు ఓణీలు, చున్నీలు, పంచెలు చైనులో చిక్కుకోకుండా కాపాడుతుంది, బురదను కూడా సగం ఆపుతుంది. చప్పుడు చేస్తే రేకును కాస్త వంచి సరిచేయాలి గాని తీసేయకూడదు. గేర్ల సైకిళ్లు ఇప్పుడు మన పిల్లల్లోనూ కనిపిస్తున్నాయి. వాటికి కవరు ఉండదు, చైను సన్నటిది, వెనక వేలాడే చిన్న చక్రాల మధ్య జిడ్డు ఎక్కువ పేరుకుంటుంది. వాటికి ఈ శుభ్రం ఇంకా తరచుగా కావాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధి మునిగింది. నా సైకిల్ రెండు రోజులు బురదనీటిలో పడి ఉంది. నీళ్లు తీశాక చూస్తే చైను మీద ఎర్రటి మట్టి పెంకులా ఎండిపోయి ఉంది, కీళ్లు వంగడం లేదు. ఆ వారం వీధిలో చాలామంది తమ సైకిళ్ల చైన్లు తీసి పాత ఇనుముకు వేసేశారు. నేను చైను విప్పి, ముందు నీళ్లతో మట్టి వదిలించి, ఎండబెట్టి, రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టాను. ఒక్కో కీలును చేత్తో వంచి చూస్తూ వెళ్తే తొమ్మిదో పదో మాత్రం బిగుసుకున్నవి మిగిలాయి. వాటి మీద చుక్క చుక్క నూనె వేసి అటూ ఇటూ కదుపుతూ ఒక సాయంత్రం గడిపాను. ఆ చైనుతో ఆ తర్వాత ఇంకా రెండేళ్లు తిరిగాను.

ఒడిశాలో తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలకు ప్రభుత్వం సైకిల్ సాయం అందిస్తోంది. అది చాలా మంచి పని. ఆ సాయం లేకుండా బడి మానేసేవారిని నేను ఉపాధ్యాయుడిగా ఎరుగుదును. అయితే ఆ సాయంతోపాటు సైకిల్‌ను ఎలా కాపాడుకోవాలో చెప్పే ఒక్క పూట పాఠం ఎక్కడా లేదు. నేను పనిచేసిన బడిలోనూ లేదు, అందుకు నేనూ బాధ్యుణ్ణే. జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది గాని అప్పటికి మన బడులకు వేసవి సెలవులు. బడులు తెరిచిన మొదటి శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లలందరి సైకిళ్లు మైదానంలో నిలబెట్టి, ఊళ్లోని ఒక సైకిల్ మేస్త్రీని పిలిచి, ఆయనకు తగిన గౌరవం, కూలీ ఇచ్చి, చైను కడగడం, నూనె వేయడం, కొలవడం చేయించి చూపించమని జిల్లా విద్యాశాఖ వారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. ఆ మేస్త్రీ కూలీ, ఒక కిరోసిన్ డబ్బా, నాలుగు బ్రష్షులు, ఒక నూనె సీసా తప్ప దీనికి వేరే నిధులేవీ అక్కరలేదు.

అలాగే ఒక్క పేజీలో బొమ్మలతో కూడిన సూచనల కాగితం ఒడియా, తెలుగు, సవర మూడు భాషల్లో అచ్చువేసి ప్రతి బడి సైకిల్ స్టాండులోనూ అంటించాలి. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. కొండల మీది గ్రామాల నుంచి దిగివచ్చే సవర పిల్లలు ఈ రోజు సైకిళ్ల మీదే వస్తున్నారు. సైకిల్‌తోపాటు వచ్చే సూచనల పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ప్లాస్టిక్ కవరులోంచి దాన్ని ఎవరూ బయటికి తీయరు. చైను, పళ్లు, నూనె, గుడ్డ: రోజూ వాడే ఈ మాటలతో రాస్తే చాలు. తెలుగు, ఒడియా ప్రతులు నేనే రాసి ఉంచాను. సవర ప్రతికి ఒక మిత్రుడు సాయపడుతున్నారు. మీ జిల్లా పేజీలో చైను లాకు వేసే దిక్కు, నూనె చుక్క వేసే చోటు, 24 పిన్నుల కొలత చూపించే మూడు చిన్న బొమ్మలకు చోటిస్తే పాఠకులు కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

మా పక్కింటి అమ్మాయి సైకిల్‌కు చివరికి మూడు భాగాలూ మార్చారు. కొత్త చైను వేసిన రోజున తొలి కొలత ఆ పిల్లే తీసి, తేదీతో సహా నోటుపుస్తకం వెనక పేజీలో రాసుకుంది. ఇప్పుడు నెలకో ఆదివారం ఉదయం ఏడు గంటలకు తన ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి మా అరుగు మీదికి వస్తుంది. కిరోసిన్ డబ్బా, పాత బ్రష్షులు, ఇనుప స్కేలు అక్కడే ఉంటాయి. మా వీధి చుట్టుపక్కల పిల్లలు ఎవరైనా తమ సైకిల్‌తో, ఇంట్లోంచి ఒక పాత గుడ్డ పేలికతో రావచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.